ఆర్ 1250 జీఎస్ షాఫ్ట్ డ్రైవ్: మన వానలకి, ఉప్పుగాలికి నిలుస్తుందా?

చైన్‌కి బదులు తిరిగే ఇనుప కడ్డీతో (షాఫ్ట్) వెనక చక్రాన్ని నడిపే బైకు కొంటే చైన్‌కి లూబ్ కొట్టే పని లేదు, టైట్ చేయించే పని లేదు, వెనక రిమ్ మీద నల్లటి జిడ్డు పడదు. బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ విషయంలో ఈ మూడూ నిజమే, లాంగ్ రైడ్‌లో ఆ హాయి ఏంటో వాడినవాళ్లకి తెలుసు. కానీ "ఇక ఆ వైపు చూడక్కర్లేదు సార్" అని అమ్మేవాళ్లు చెప్పే మాట మాత్రం నమ్మకండి. మన దగ్గర తిప్పే బైకుకి ఏటా వానలు వెళ్లాక ఒకసారి విప్పి చూడాల్సిందే.

ఎందుకంటే, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్ గొట్టం లోపల షాఫ్ట్ తిరుగుతుంది, రెండు చివర్లా వంగుతూ తిరగనిచ్చే యూనివర్సల్ జాయింట్లు, గొట్టానికి రెండు వైపులా నీరు, దుమ్ము ఆపే రబ్బరు తొడుగులు (బూట్లు). గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న బీఎండబ్ల్యూ పాత ఎయిర్‌హెడ్ బైకుల్లో చాలావాటికి షాఫ్ట్ నూనెలోనే తిరిగేది, తుప్పు అంత తేలిగ్గా పట్టేది కాదు. స్వింగార్మ్‌కి తోడు ఇంకో ఆర్మ్ ఉండే పారాలీవర్ అనే అమరిక వచ్చాక ఆ గొట్టం పొడిగా ఉంటోంది, అంటే లోపలికి వెళ్లిన నీటి నుంచి ఇనుమును కాపాడేది దాని మీద పూసిన కాస్త పేస్ట్ మాత్రమే. మారేడుమిల్లి ఘాట్ ఎక్కి బాగా వేడెక్కిన బైకుని తిన్నగా చల్లటి వాగులో దింపామనుకోండి, లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది, బూట్ అంచు ఏమాత్రం లూజుగా ఉన్నా నీటిని లోపలికి లాగేస్తుంది. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు ఇంకా ప్రమాదం, సముద్రం పోటు మీద ఉన్నప్పుడు అలల తుంపర రోడ్డు మీదే పడుతుంది, అది ఉప్పునీరు. ఇక వాటర్ వాష్ వాళ్లు ప్రెషర్ గన్ తిన్నగా బూట్ మీద పెట్టి కొడుతుంటే ఊరుకోకండి, గట్టిగా చెప్పి ఆపండి.

ఈ సమస్య కంపెనీకీ తెలుసు. 2022లో 1200, 1250 జీఎస్‌ల కోసం ఒక సర్వీస్ క్యాంపెయిన్ పెట్టారు: షాఫ్ట్ తనిఖీ, స్వింగార్మ్‌లో చేరిన నీరు బయటికి పోయే ఏర్పాటు, 60,000 కిలోమీటర్ల దగ్గర షాఫ్ట్ మార్పు. మీ బైకుకి ఇది జరిగిందో లేదో ఛాసిస్ నంబర్ ఇచ్చి షోరూంలో అడగండి. నా దృష్టిలో ఇది మంచి నిర్ణయం, కానీ అంత దూరం తిరిగేదాకా ఒక్కసారీ విప్పకుండా ఉండడం మాత్రం మంచిది కాదు.

ఈసారి నా బైకు విప్పినప్పుడు పక్కనే కూర్చుని చూశాను. ఐదు టీ50 (నక్షత్రం ఆకారపు తల ఉన్న) బోల్టులు తీస్తే చక్రం వచ్చేస్తుంది, బ్రేక్ కాలిపర్, సెన్సర్ వైరు పక్కకి తప్పించి, పారాలీవర్ ఆర్మ్ బోల్టు తీస్తే ఫైనల్ డ్రైవ్ (చక్రం దగ్గరి గేర్ల పెట్టె) కిందికి వాలుతుంది. వెనక బూట్ అంచు ఒక చోట గాడిలోంచి మడతపడి ఉంది, అంతకుముందు విప్పి బిగించినచోట సరిగ్గా కూర్చోబెట్టలేదన్నమాట. దాన్ని లాగగానే ముదురు గోధుమ రంగు నీళ్లు నాలుగు చుక్కలు జారాయి, స్ప్లైన్ (షాఫ్ట్ చివర ఒకదానిలో ఒకటి ఇమిడే గాళ్లు) పళ్ల మధ్య ఇటుకపొడిలా తుప్పు. అదృష్టం కొద్దీ జాయింట్లు చేత్తో తిప్పితే ఎక్కడా పట్టేయకుండా మెత్తగానే కదిలాయి. అక్కడ పట్టేస్తే ఇక రిపేరు లేదు, ఆ జాయింట్లకి గ్రీజు ఎక్కించే నిపుల్ ఉండదు, మొత్తం షాఫ్ట్ మార్చాల్సిందే.

తుప్పు బ్రష్‌తో తీసి, తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, స్ప్లైన్లకి మోలీ పేస్ట్ పల్చగా రాశారు. ఇక్కడ చాలామంది చక్రం బేరింగ్‌కి వాడే మామూలు గ్రీజు పూసేస్తారు. అది తిరిగే వేగానికి చెదిరిపోతుంది, స్ప్లైన్ మీద పడే ఒత్తిడికి నిలవదు. మాలిబ్డినం డైసల్ఫైడ్ ఎక్కువ శాతం ఉన్న పేస్ట్ కావాలి, హోండా షాఫ్ట్ బైకులకి మోలీ 60 వాడమన్నది కూడా అందుకే. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది కానీ ఒక ట్యూబ్ ఏళ్ల తరబడి వస్తుంది. విప్పేముందు షాఫ్ట్ మీద మార్కర్‌తో గీత పెట్టించండి, తిరిగి అదే వరుసలో ఎక్కాలి. చక్రం బోల్టులు 60 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు) బిగింపుతో బిగించాలి, ఆ బిగింపు కొలిచే టార్క్ రెంచ్ లేనిచోట ఈ పని చేయించకండి.

ఇంత చెప్పినా నేను మళ్లీ షాఫ్టే కొంటాను. విప్పి, తుడిచి, పేస్ట్ రాసి, బిగించడం ఒక్క పూట పని. షోరూంలోకి 1300 వచ్చేసింది కాబట్టి ఇప్పుడు 1250 కొనేవాళ్లు చూసేది ఎక్కువగా సెకండ్‌హ్యాండ్ బళ్లే. బేరం మొదలుపెట్టే ముందు సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో నెమ్మదిగా తిప్పండి, ఎక్కడైనా పట్టి వదిలినట్టు అనిపిస్తే బూట్ తీసి చూపించమనండి. అమ్మేవాళ్లు దానికి ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.