పక్క టీముకు ఎలాంటి క్వార్టర్‌బ్యాక్ ఉంటే మనకు మేలు?

"జెయింట్స్‌కి చేతకాని క్వార్టర్‌బ్యాక్ దొరకాలని మొక్కుకుంటావు కదూ?" ఎడిసన్‌లో ఉండే మా బావ ప్రతి మార్చిలోనూ అడిగే ప్రశ్న ఇది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ NFLలో ఆయన న్యూయార్క్ జెయింట్స్ అభిమాని, నేను ఫిలడెల్ఫియా ఈగల్స్ అభిమానిని. ఈ రెండూ, వాషింగ్టన్, డాలస్ కౌబాయ్స్ ఒకే గ్రూపు, ఏటా ఒకరితో ఒకరు రెండేసి ఆటలు ఆడతారు. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసురుతూ టీము దాడిని నడిపించేవాడు. ఈ మధ్య ఆఫీసులో కూడా ఇద్దరు ముగ్గురు ఇదే అడిగారు కాబట్టి ఒకసారి వివరంగా రాసేస్తున్నా. నేనెప్పుడూ చేతకానివాణ్ణి కోరుకోను. 'ఫర్వాలేదు' అనిపించేవాడు చాలు.

చేతకానివాడితో వచ్చే చిక్కేమిటో వాషింగ్టన్‌ని చూస్తే తెలుస్తుంది. 2023లో శామ్ హావెల్ 21 ఇంటర్‌సెప్షన్లు (అవతలి టీము చేతికి చిక్కిన పాసులు) విసిరాడు, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. టీము 4-13తో (4 గెలుపులు, 13 ఓటములు) ముగించింది. వాళ్లతో ఆడిన రెండు ఆటలూ మేమే గెలిచాం. తీరా ఆ ఓటముల పుణ్యమా అని డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, ఎక్కువ ఓడినవాళ్లకు ముందు వంతు) రెండో నంబరు వాళ్ల చేతికొచ్చింది, దాంతో క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్‌ని పట్టుకుపోయారు. మరుసటి ఏడాదే 12-5! డిసెంబర్ 22న మా మీద ఐదు టచ్‌డౌన్ పాసులు (ఒక్కోటి ఆరు పాయింట్లు) విసిరాడు. ఆఖరిది ఆరు సెకన్లు మిగిలి ఉండగా. 36-33తో ఓడాం. ఆ కుర్రాడి కాంట్రాక్టు నాలుగేళ్లకూ కలిపి సుమారు 3.8 కోట్ల డాలర్లే. మిగిలిన డబ్బుతో వాళ్లు ఎవరినైనా కొనుక్కోవచ్చు. జనవరిలో 55-23తో బదులు తీర్చుకున్నాం, అది వేరే సంగతి.

ఇప్పుడు జెయింట్స్ దగ్గరికి వద్దాం. నా దృష్టిలో అసలు వరం ఇక్కడే ఉంది.

వాళ్ల క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్ 2022లో నిజంగానే బాగా ఆడాడు. ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ ఆటల్లో) వైకింగ్స్ మీద 301 యార్డులు విసిరి, కాళ్లతో ఇంకో 78 తెచ్చాడు. మరుసటి వారం మా చేతిలో 38-7తో ఓడినా, జనానికి గుర్తుండిపోయింది మాత్రం ఆ వైకింగ్స్ ఆటే. 2023 మార్చిలో నాలుగేళ్లకు 16 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు. ఆ ఏడాది శాలరీ క్యాప్, అంటే టీము జీతాలకు పెట్టగల పరిమితి, మొత్తం 22.48 కోట్లు. అంటే క్వార్టర్‌బ్యాక్‌కి ఏడాదికి సగటున 4 కోట్లు పోతే మిగతావాళ్లంతా ఆ మిగిలిన దాంట్లోనే సర్దుకోవాలి. అదే రోజు రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) శాక్వాన్ బార్క్లీకి మాత్రం ఒక్క ఏడాది ట్యాగ్ (టీములోనే ఆపేసే ఏడాది ఒప్పందం) తగిలించి ఆపారు.

2024 మార్చిలో బార్క్లీని వదిలేశారు. ఆ రోజుల్లో జెయింట్స్ ఆఫీసులో తీసిన టీవీ డాక్యుమెంటరీలో అంతా కనిపిస్తుంది. క్వార్టర్‌బ్యాక్‌కి 4 కోట్లు ఇస్తున్నది 1.2 కోట్ల రన్నింగ్ బ్యాక్ చేతికి బంతి అందించడానికి కాదని జనరల్ మేనేజర్ జో షోన్ వాదన. శాక్వాన్ ఫిలడెల్ఫియా వెళ్తే నాకు నిద్ర పట్టదని ఓనర్ జాన్ మారా. నిద్ర పట్టదనుకుంటూనే పంపించారు! మాకు మూడేళ్లకు 3.775 కోట్లకు దొరికాడు.

అక్టోబర్ 20న బార్క్లీ జెయింట్స్ స్టేడియం మెట్‌లైఫ్‌కి మా జెర్సీలో వచ్చాడు. ఆ ఆట బావ ఇంట్లో, వాళ్ల సోఫాలోనే కూర్చుని చూశాను. బార్క్లీ 17 సార్లు బంతి పట్టుకుని 176 యార్డులు పరిగెత్తాడు. జోన్స్ పాసులన్నీ కలిపినా వంద యార్డులు దాటలేదు, నాలుగో క్వార్టర్‌లో బెంచీ ఎక్కించారు. 28-3తో గెలిచాం. బావ రిమోట్ నా ఒళ్లో పడేసి, కాఫీ పెడతానంటూ లేచి వెళ్లారు. నవంబర్‌లో జోన్స్‌ని కూడా వదిలేశారు. బార్క్లీ ఆ సీజన్ 2,005 యార్డులు పరిగెత్తాడు, తన పుట్టినరోజు నాడే మాతో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచాడు.

చేతకానివాడైతే ఏడాదిలో పంపేస్తారు. జోన్స్‌లాంటివాణ్ణి మింగలేరు, కక్కలేరు. పంపేద్దామంటే గెలిచిన ఆ ఒక్క ఆట గుర్తొస్తుంది, ఉంచుకుందామంటే ఇంకెవరినో వదులుకోవాలి. మా క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌కీ 25.5 కోట్లు ఇచ్చారుగా అంటారు బావ. ఇచ్చారు, ఐదేళ్లకు. డబ్బు ఎక్కువని కాదు నా గోల, అంత డబ్బుకు తగినవాడేనా అన్నదే.

కౌబాయ్స్ సంగతి ఒక్క ముక్కలో. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కి 2024 సెప్టెంబర్‌లో ఏడాదికి సగటున 6 కోట్లు ఒప్పుకున్నారు. నవంబర్‌కల్లా గాయంతో అతని సీజన్ ముగిసింది, టీము 7-10. కానీ ఒంట్లో బాగుంటే అతను మమ్మల్ని ఓడించగలడు, గాయాల మీద ఆశ పెట్టుకోవడం నాకు నచ్చదు. ఏడాది కోసం తెచ్చుకునే ముసలి క్వార్టర్‌బ్యాక్‌లంటారా, వాళ్లవల్ల మనకు లాభమూ లేదు, నష్టమూ లేదు.

ఇప్పుడు నాకు బెంగంతా జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ జాక్సన్ డార్ట్‌తోనే. 2025 డ్రాఫ్ట్‌లో 25వ నంబరుకు తీసుకున్నారు, జీతం తక్కువ, భయం అసలు లేదు. అక్టోబర్ 9న మమ్మల్ని 34-17తో ఓడించాడు. రాత్రి పదకొండున్నర దాటాక బావ ఫోన్ చేశారు. నేను ఎత్తలేదు.