పంజరంలో పడ్డ శత్రువుతో జాగ్రత్త: డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో బందీల నిర్వహణ

డ్వార్ఫ్‌ల (మరుగుజ్జుల) కోటను కట్టి కాపాడుకునే కంప్యూటర్ ఆట డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ 2022 డిసెంబరు 6న బొమ్మలతో ఆన్‌లైన్ ఆటల దుకాణం స్టీమ్‌లోకి రావడానికి ఎంతో ముందే, తెర మీద అక్షరాలే గాబ్లిన్లుగా (కోటపై దాడిచేసే జీవులుగా) కదిలే రోజుల్లో నేను ఈ ఆట మొదలుపెట్టాను. ఇన్నేళ్లలో ముట్టడుల్లో పోగొట్టుకున్న కోటలకంటే, పట్టుబడిన శత్రువును తొందరపడి కదిలించి పోగొట్టుకున్న డ్వార్ఫ్‌లే నన్ను ఎక్కువగా బాధపెట్టారు. అందుకే ఈ సమీక్షను బందీల నిర్వహణకే పరిమితం చేస్తున్నాను.

శత్రువును పట్టడం కష్టమేమీ కాదు. ఒక పంజరం, ఒక మెకానిజం (యంత్రభాగం) ఉంటే కేజ్ ట్రాప్ (పంజరపు ఉచ్చు) సిద్ధమవుతుంది. కోట ద్వారం ముందున్న ఇరుకు దారిలో వాటిని వరుసగా అమరిస్తే, ఎంతటి కవచం తొడుక్కున్న గాబ్లిన్ అయినా అడుగుపెట్టగానే బందీ అవుతుంది. పంజరం చెక్కదైనా సరే, లోపలి జీవి తనంతట తాను బయటపడదు. కోబోల్డ్‌లు (దొంగతనానికి వచ్చే చిన్న జీవులు) మాత్రం ఈ ట్రాప్‌లకు చిక్కవు. నిండిన పంజరానికి జంతువుల స్టాక్‌పైల్‌లో (నిల్వ స్థలంలో) చోటు లేకపోతే అది ట్రాప్‌లోనే ఉండిపోతుంది, ఆ ట్రాప్ మళ్లీ పనిచేయదు కనుక, ముట్టడికి ముందే ఆ స్థలాన్ని పెంచుకోవాలి.

అసలు ప్రమాదం పంజరం తెరుచుకునే క్షణంలో ఉంది. పట్టుబడిన గాబ్లిన్ ఆయుధం, కవచం దాని ఒంటి మీదే ఉంటాయి. ఈ సంగతి పట్టించుకోకుండా, తొలినాళ్లలో నేను ఈటెలు పట్టిన బందీలను కోటకు అవతలి చివరనున్న గోతిలోకి తోయించాను. పంజరం నుంచి గోతిదాకా ఒక మామూలు కూలి డ్వార్ఫ్ బందీని నడిపించుకుని వెళ్లాల్సి ఉంటుంది. దారిలో ఒక గాబ్లిన్ విడిపించుకుని అతణ్ణి చంపింది, ఆ శవాన్ని చూసిన తోటివారి మనసు చాలాకాలం కుదుటపడలేదు. ఆ తప్పు పూర్తిగా నాదే.

అప్పటినుంచి ఒక క్రమం తప్పడం లేదు. ముందుగా చెత్త పారవేసే జోన్ ఒకటి ఏర్పాటు చేసి, పంజరాలున్న చోటంతా పారవేయమని గుర్తిస్తాను. అప్పుడు లోపలి కత్తులూ కవచాలతో పాటు పంజరాలకు కూడా ఆ గుర్తు పడుతుంది కాబట్టి, ఒక్కొక్క పంజరం మీద దాన్ని మళ్లీ తీసేస్తాను. ఇది విసుగు పుట్టించే పనే అయినా ఇందులో తొందర పనికిరాదు, ఎందుకంటే ఒక్క కత్తి మిగిలినా జరిగే నష్టం ఒక ప్రాణం. వస్తువులన్నీ బయటికి వచ్చాయని పంజరం లోపలి జాబితాలో చూసుకున్నాకే తరువాతి పని మొదలుపెడతాను. నిరాయుధ గాబ్లిన్ కూడా కరుస్తుంది, కుస్తీ పడుతుంది. అయితే శిక్షణ పొందిన సైనికుడికి అది పెద్ద ముప్పు కాదు.

గోతిని స్టాక్‌పైల్‌కు ఆనుకునే తవ్వించడం నాకు బాగా కలిసొచ్చింది: నడిపించే దూరం తగ్గితే తప్పించుకునే అవకాశమూ తగ్గుతుంది. ఎగిరే జీవుల విషయంలో గొయ్యి నిరుపయోగం. అలాంటివాటికీ, సైనికుల సాధన కోసం ఉంచుకున్న బందీలకూ, మూసిన గదిలో పంజరాన్ని కట్టించి, లాగితే అది తెరుచుకునేలా లివర్‌కు (మీటకు) జోడించడమే ఉత్తమం. ప్రతి జోడింపుకు రెండు మెకానిజాలు ఖర్చవుతాయి, పైగా లివర్లు పెరిగేకొద్దీ ఏది దేనిదో మరిచిపోతాం, కనుక ప్రతిదానికీ పేరు పెట్టాలి. తలుపులు మూసి, దళం లోపల నిలబడ్డాక లివర్ లాగిస్తే, కూలివాడెవరూ బందీ దరిదాపుల్లోకి వెళ్లనక్కర లేదు.