కంప్రెసర్ గాలా, బ్లోయరా, అయాన్ బారా: ఏది మేలు?

తణుకు, తాడేపల్లిగూడెం, రావులపాలెం చుట్టుపక్కల కవర్లు చేసే యూనిట్లలో, వాటర్ బాటిల్ ప్లాంట్లలో తరచూ ఇదే మాట వినిపిస్తుంది. దుమ్ము పోవట్లేదు, గాలి ప్రెషర్ ఇంకాస్త పెంచమంటారా, లేక బ్లోయర్ కొనేయమంటారా అని. ఈ రెండింటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆ దుమ్ము ఊరికే వచ్చి పడిందా, లేక కవరును కరుచుకుని ఉందా?

తేడా తెలుసుకోవడం కష్టమేం కాదు. రోలర్లకు దూరంగా, ఫిల్మ్ వదులుగా సాగే చోట ముంజేయి దగ్గరగా పెడితే వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయనుకోండి, అది స్టాటిక్, అంటే ఫిల్మ్ మీదే నిలిచిపోయిన కరెంటు ఛార్జ్. దులిపిన దుమ్ము అర నిమిషంలో మళ్లీ వచ్చి అక్కడే అంటుకుంటున్నా అదే. అలాంటప్పుడు గాలి ప్రెషర్‌ను 6 బార్ నుంచి 8 బార్‌కు పెంచినా లాభం ఉండదు (ఇక్కడ బార్ అంటే ప్రెషర్ కొలత). గాలి దుమ్మును లేపుతుంది, ఛార్జ్ దాన్ని మళ్లీ లాక్కుంటుంది. పైగా కంప్రెసర్ గాలిలో నీటి తుంపరో దుమ్మో ఉంటే, అది ప్లాస్టిక్‌కు రాసుకుని ఇంకాస్త ఛార్జ్ పుట్టిస్తుంది కూడా.

"మన గోదావరి డెల్టాలో గాలి నిండా తేమే కదా, స్టాటిక్ ఎక్కడిదండీ?" అంటారు. సగం నిజం. గాలిలో తేమ 60 శాతం దాటితే వస్తువు పైన సన్నటి నీటి పొర ఏర్పడి ఛార్జ్ మెల్లగా జారిపోతుంది, 40 శాతం లోపైతే అక్కడే నిలిచిపోతుంది. తూర్పు గాలి వీచినంతకాలం మనకు ఇబ్బంది తక్కువే. కానీ మే నెలలో పడమటి గాలి మొదలయ్యాక మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో తెలిసిందే కదా. ఇక ప్రింటింగ్ గదికి, ప్యాకింగ్ గదికి ఏసీ పెట్టుకున్నవాళ్లు ఏడాది పొడవునా ఎండు గాలినే కొనుక్కుంటున్నట్టు. అదీ కాక రోల్ నుంచి ఫిల్మ్ వేగంగా ఊడి వస్తుంటే, బయట వాన పడుతున్నా సరే, తేమ తీసేసేదానికంటే ఎక్కువ ఛార్జ్ పుడుతుంది.

స్టాటిక్‌కు మనవాళ్లు మొదట చేసేది ఎర్తింగ్. అది తప్పకుండా ఉండాలి, మెషిన్ బాడీకీ రోలర్లకూ, మనిషికి షాక్ కొట్టకుండా. కానీ ప్లాస్టిక్ కరెంటును పారనివ్వదు కాబట్టి, దాని మీది ఛార్జ్ ఎర్త్ వైరుకు చేరదు. ఎర్త్ పిట్‌లో ఉప్పూ బొగ్గూ ఎంత పోసినా కవరు మీద దుమ్ము అలాగే ఉంటుంది. రెండోది టిన్సెల్, అంటే ఎర్త్ చేసిన రాగి జరీ దండ లాంటిది, లేదా కార్బన్ బ్రష్. చవక, కరెంటు అక్కర్లేదు. అయితే ఛార్జ్ బాగా ఎక్కువగా, అంటే కొన్ని వేల వోల్టుల స్థాయిలో ఉన్నప్పుడే పనిచేస్తుంది, అంతకంటే కిందికి దిగితే ఇంక లాగదు. చుట్టే చోట ఆపరేటర్‌కు షాక్ తగలకుండా ఉండటానికి ఇది చాలు, దుమ్ము అంటకూడదు అంటే చాలదు. గదిలో నీళ్లు చిమ్మి తేమ పెంచడం మూడోది. మన దగ్గర దాన్ని నేను వద్దనే అంటాను. కార్టన్లు మెత్తబడతాయి, బియ్యం దగ్గరైతే బూజు.

నాలుగోది అయాన్ బార్. దాని సూదులకు కొన్ని వేల వోల్టుల ఏసీ కరెంటు ఇస్తే చుట్టూ ఉన్న గాలిలో ప్లస్, మైనస్ అయాన్లు పుడతాయి, ఫిల్మ్ తనకు ఏది తక్కువైతే దాన్ని తీసుకుని ఛార్జ్ పోగొట్టుకుంటుంది. కరెంటు ఖర్చు కొన్ని పదుల వాట్లే. ధర టిన్సెల్‌కు చాలా రెట్లు ఉంటుంది నిజమే, కానీ దుమ్ము సమస్యకు ఈ నాలుగింటిలో సూటిగా పనిచేసేది ఇదే. కొన్నాక చెడగొట్టుకునేది మాత్రం బిగించే చోట. రోలర్ మీద ఫిల్మ్ ఆని ఉన్న చోట పెడితే సగం పనికూడా చేయదు, ఫిల్మ్ గాల్లో సాగే చోట, మామూలు బార్ అయితే రెండు మూడు అంగుళాల దూరంలో ఉండాలి. అదీ దుమ్ము అంటకూడని చోటుకు కాస్త ముందు, ఎందుకంటే ఆ తర్వాత వచ్చే ప్రతి రోలరూ మళ్లీ ఛార్జ్ ఎక్కిస్తుంది. నరసాపురం వైపు ఉప్పు గాలి, మిల్లుల పక్కన తవుడు దుమ్ము, ఈ రెండూ సూదులకు పట్టేస్తాయి. వారానికోసారి పవర్ ఆపి బ్రష్‌తో తుడవకపోతే మూడు నెలలకు అది అలంకారానికే.

ఇక గాలి సంగతి. డబ్బంతా పోయేది ఇక్కడే.

కంప్రెసర్‌కు ఇచ్చిన కరెంటులో నూటికి 10 నుంచి 15 వంతులే చివర్లో పనికొస్తుంది, మిగతాది వేడి. 100 సీఎఫ్ఎం (నిమిషానికి 100 ఘనపుటడుగుల) గాలిని 7 బార్ దగ్గర తయారుచేయాలంటే సుమారు 18 నుంచి 20 కిలోవాట్లు కావాలి. ఇప్పుడు మన ప్లాంట్లలో మామూలుగా కనిపించే ఏర్పాటు చూడండి: 6 మిల్లీమీటర్ల గొట్టం చివర నొక్కేసి, నీళ్లు పోవడానికి బాటిళ్ల మీదకు వంచి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వదిలేస్తారు. 60 సీఎఫ్ఎం పోతుందనుకుందాం, అంటే దాదాపు 12 కిలోవాట్లు. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు, యూనిట్ 8 రూపాయలనుకుంటే 2,30,400 రూపాయలు. ఒక్క గొట్టానికి! ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు చూసి టెన్షన్ పడేవాళ్లు ముందు ఆ గొట్టం వైపు చూడాలి.

అదే పనికి 5 హెచ్‌పీ బ్లోయర్, దాని ముందు పొడవాటి సన్న సందు ఉన్న ఎయిర్ నైఫ్ పెడితే 3.7 కిలోవాట్లు, ఏడాదికి 71,000 రూపాయల చిల్లర. గాలి ప్రెషర్ తక్కువే, కానీ బాటిల్ మీది నీళ్లు తోసేయడానికి కావాల్సింది ప్రెషర్ కాదు, ఎక్కువ గాలి. బ్లోయర్ గాలి కాస్త వేడిగా కూడా వస్తుంది కాబట్టి లేబుల్ అంటించే ముందు ఆరడానికి ఇంకా మంచిది. ఇబ్బందులు లేవని కాదు. చోటు ఆక్రమిస్తుంది, మోత ఎక్కువ, లోపలికి గాలి తీసుకునే దగ్గర మంచి ఫిల్టర్ లేకపోతే షెడ్డులోని దుమ్మునంతా తెచ్చి బాటిల్ మీద కొడుతుంది.

అయితే గొట్టం రోజంతా తెరిచి ఉండకపోతే లెక్క తిరగబడుతుంది. గంటకు 10 నిమిషాలే వాడుతున్నారనుకోండి, పైన చెప్పిన 2,30,400 కాస్తా 38,400 అవుతుంది. ఆ మాత్రం దానికి బ్లోయర్ దండగ. గొట్టానికి మంచి నాజిల్ బిగించి, బాటిల్ వచ్చినప్పుడే తెరుచుకునేలా సెన్సర్‌తో సోలెనాయిడ్ వాల్వ్ పెట్టుకుంటే సరిపోతుంది. మంచి నాజిల్ చుట్టూ ఉన్న గాలిని కూడా కలుపుకుని తోస్తుంది, అందుకే అంతే పనికి కంప్రెసర్ గాలి బాగా తగ్గుతుంది. ఆ కలుపుకునే గాలిలో ఊక ఉంటే అదీ వస్తుందని గుర్తుంచుకోవాలి, మిల్లు షెడ్డుల్లో ఇది చిన్న విషయం కాదు. చేత్తో పట్టుకునే ఎయిర్ గన్ అయితే ఇంకో మాట: ఒంటి మీది దుమ్ము దులుపుకోవడానికి దాన్ని వాడొద్దని కుర్రాళ్లకు గట్టిగా చెప్పాలి. కంట్లోకో చెవిలోకో వెళితే చాలా ప్రమాదం.

డెల్టాలో కంప్రెసర్ గాలిని ఎక్కువగా పాడుచేసేది దుమ్ము కాదు, నీళ్లు. 35 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున 100 సీఎఫ్ఎం కంప్రెసర్ గంటకు ఐదు లీటర్లకు పైగా నీటిని ఆవిరిగా లోపలికి పీలుస్తుంది. గాలి చల్లబడ్డాక అందులో నాలుగు లీటర్లకు పైనే నీళ్లయి ట్యాంకులోకి, ఆ నీటిని తనంతట తానే బయటికి వదిలే ఆటో డ్రెయిన్ పాడైతే లైన్లోకి దిగుతాయి. దానికి కంప్రెసర్ ఆయిల్ కలిసి తెల్లటి జిడ్డుగా తయారవుతుంది. రైస్ మిల్లులో సార్టెక్స్ (రంగు మారిన గింజలను ఏరే మెషిన్) వాల్వులు పట్టేయడానికి, కవరు మీద అచ్చు అంటకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఇక్కడ అమ్మేవాళ్లు రెండు డ్రైయర్లు చూపిస్తారు. రిఫ్రిజరేటెడ్ డ్రైయర్ గాలిని 3 డిగ్రీల డ్యూ పాయింట్ దాకా ఆరబెడుతుంది, అంటే 3 డిగ్రీలకు చల్లబడితే తప్ప అందులోని ఆవిరి నీళ్లవదు. డెసికెంట్ డ్రైయర్ మైనస్ 40 దాకా తీసుకెళ్తుంది, కానీ హీటర్ లేని రకమైతే తన లోపలి గుళికలను ఆరబెట్టుకోవడానికి మీ గాలిలోనే 15 నుంచి 20 శాతం తినేస్తుంది. భీమవరంలోనూ పాలకొల్లులోనూ పైపు బయటి వేడి 3 డిగ్రీలకు ఎప్పుడూ దిగదు కదా, మరి మైనస్ 40 ఎందుకు? మామూలు ప్యాకింగ్‌కు మొదటిదే మేలు, దాని వెనక ఆయిల్ పట్టే ఫిల్టర్ తప్పనిసరి. ఎక్కువ ఎండిన గాలి కొనడం గొప్ప కాదు. తినే పదార్థానికి గాలి నేరుగా తగిలే చోట మాత్రం ఇంకా సన్నటి ఫిల్టర్లు వేయాలి, లేదా ఆయిల్ లేని కంప్రెసర్.

కొన్ని చోట్ల వీటిని ఇలాగే పెట్టకూడదు. రొయ్యల మేత, తవుడు, పిండి లాంటి పొడి దుమ్ము పేరుకున్న చోట గాలి కొడితే అది మేఘంలా లేస్తుంది, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అక్కడ వాక్యూమ్‌తో పీల్చడమే. సాల్వెంట్ ఇంకుతో ప్రింటింగ్ చేసే చోట మామూలు అయాన్ బార్ పెట్టొద్దు, మండే ఆవిరి ఉన్న చోటికి పనికొస్తుందని సర్టిఫికెట్ ఉన్నదే అడగండి, లేదంటే ఎర్త్ చేసిన టిన్సెల్‌తో సరిపెట్టుకోండి.

నేనైతే బాటిల్ లైన్లో బ్లోయర్ పెట్టి దాని ముందు అయాన్ బార్ బిగిస్తాను, కవర్ల దగ్గర అయాన్ బార్ ఒక్కటే, చేతి పనికి నాజిల్ గన్. కానీ ఏది కొనే ముందైనా సెలవు రోజున ఒక పని చేయండి. మెషిన్లన్నీ ఆపి, గాలి వాడే చోట్ల వాల్వులు మాత్రమే మూసి, కంప్రెసర్ ఒక్కటీ నడిపి, ఎంతసేపు లోడ్‌లో ఉంటుంది (గాలి నింపుతుంది), ఎంతసేపు అన్‌లోడ్‌లో ఉంటుంది (గాలి నింపకుండా ఊరికే తిరుగుతుంది) అన్నది ఫోన్‌లో టైమ్ పెట్టుకుని చూడండి. 2 నిమిషాలు లోడ్, 6 నిమిషాలు అన్‌లోడ్ అయితే కంప్రెసర్ ఇచ్చే గాలిలో నాలుగో వంతు లీకులకే పోతున్నట్టు. 3 మిల్లీమీటర్ల చిల్లు ఒక్కటే మూడు కిలోవాట్ల దాకా తింటుంది. సబ్బు నురగ, టెఫ్లాన్ టేపు, కొత్త క్లాంపులు పట్టుకుని ఒక పూట తిరిగితే తగ్గేదెంతో చూసుకుని, అప్పుడు బ్లోయర్ కొటేషన్ అడగండి.