‘ఓవర్‌హాల్ తర్వాత 300 గంటలే’ అన్న ప్రకటన చూసి విమానం కొనకండి

సెకండ్ హ్యాండ్ విమానం అమ్మేవాళ్లు ముందుగా చెప్పేది ఈ ముక్కే: ఇంజన్ ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి, అరిగిన భాగాలు మార్చి మళ్లీ బిగించడం) అయ్యాక 300 గంటలే తిరిగింది, ఇంకా 1,700 గంటలు ఢోకా లేదు. వెంటనే లాగ్‌బుక్‌లో ఓవర్‌హాల్ తేదీ చూడండి. పన్నెండేళ్లు దాటిందంటే ఏడాదికి పాతిక గంటలు కూడా ఎగరలేదన్నమాట. ఈ లెక్క వేసుకోకుండా కొని, ఆ వెంటనే ఇంకో ఓవర్‌హాల్ ఖర్చు నెత్తిన వేసుకున్నవాళ్లున్నారు. చిన్న విమానాల ఇంజన్లు తయారుచేసే లైకమింగ్ కంపెనీ చాలా మోడళ్లకు మళ్లీ ఓవర్‌హాల్ చేయించడానికి 2,000 గంటలతోపాటు 12 ఏళ్ల గడువు కూడా పెట్టింది, ఏది ముందొస్తే అదే. ప్రకటనల్లో ఆ రెండో సంగతి ఉండదు.

లైకమింగ్ ఇంజన్‌లో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్, ప్రొపెల్లర్‌ని తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కి పైన ఉంటుంది. బండి కదలకుండా ఉన్నన్నాళ్లూ దానిమీది ఆయిల్ కిందికి జారిపోతుంది. ఇంజన్ కేసులోని తేమకి లోబులు (క్యామ్‌షాఫ్ట్ మీది ఉబ్బెత్తు భాగాలు), వాటికి ఆనుకుని కదిలే ట్యాపెట్ల ముఖాలు తుప్పు పట్టి గుంటలు పడతాయి. మళ్లీ తిప్పడం మొదలుపెట్టాక ఆ గుంటల దగ్గర గట్టి పైపొర పెచ్చులూడుతుంది, లోబు అరుగుతుంది, వాల్వు పూర్తిగా లేవదు, పవర్ తగ్గుతుంది.

‘వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేస్తున్నాం’ అంటే ఇంకా అనుమానించాలి. నేలమీద అంతసేపట్లో ఆయిల్ 82 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కదు. ఇంధనం కాలగా పుట్టిన నీరు ఆవిరైపోకుండా ఆయిల్‌లోనే ఉండిపోతుంది.

కంప్రెషన్ 76/80 వచ్చిందని, అంటే సిలిండర్‌లోకి 80 పీఎస్ఐ ఒత్తిడితో గాలి పంపితే 76 నిలిచిందని, కాగితం చూపిస్తారు. అది రింగులు, వాల్వుల సంగతే చెబుతుంది, క్యామ్ గురించి ఏమీ చెప్పదు.

ఏటేటా ఆ విమానాన్ని చూసే మెకానిక్ కాకుండా మీ మనిషిని పెట్టుకోండి. ఆయిల్ ఫిల్టర్‌ని మీ ఎదుటే కోయించి, మడతలు విప్పి, అయస్కాంతం ఆడించండి. అంటుకునే మెరుపు ముక్కలు కనిపిస్తే బేరం అక్కడితో ఆపండి. అమ్మే ముందు కొత్త ఫిల్టర్ వేసి ఉంటే అందులో ఏమీ దొరకదు, పాతది అడగండి. ఫిల్టర్ ఉన్న ఇంజన్‌కి 50 గంటలకో నాలుగు నెలలకో ఆయిల్ మార్చాలి. ఎగరని ఏళ్లలో కూడా మార్చారో లేదో లాగ్‌బుక్‌లో తేలిపోతుంది.

అనుమానం తీరకపోతే ఒక సిలిండర్ తీయించి లోబులు కళ్లారా చూడాలి. అయితే తిరిగి బిగించేటప్పుడు కేసు రెండు సగాలనూ కలిపి పట్టే త్రూ బోల్టుల టార్క్ (బిగింపు బలం) తప్పితే మెయిన్ బేరింగులు కదిలే ప్రమాదముంది, కాబట్టి ఆ పని తెలిసినవాళ్ల చేతే చేయించండి. అమ్మేవాళ్లు దీనికి ఒప్పుకోకపోతే, ఆయుష్షు అయిపోయిన ఇంజన్ కిందే ధర కట్టండి. ఎందుకంటే క్యామ్ మార్చాలంటే కేసు రెండుగా విప్పాల్సిందే.