46,400 అడిగారు, 1,740తో అయిపోయింది: విశాఖ, అరకు, లంబసింగి

విశాఖపట్నంలో ఒక కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు మా బండి స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను తిప్పే భాగం) పోయిందని చెప్పి 46,400 రూపాయల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. అదే బండిని గాజువాక దగ్గర ఆటోనగర్‌లో ఒక పెద్దాయన 1,740 రూపాయలకు బాగుచేశారు. ఆ తర్వాత లంబసింగి ఘాట్ ఎక్కాం, దిగాం, ఇంటికి వచ్చాం. ఇప్పటిదాకా చుక్క ఆయిల్ కారలేదు. అరకు అందాల గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. శీతాకాలంలో పిల్లల్ని, పెద్దవాళ్లని ఎక్కించుకుని సొంత బండిలో ఆ కొండలకు వెళ్లేవాళ్లకు పనికొస్తుందని నేను ఈ స్టీరింగ్ సంగతే ఎక్కువగా రాస్తున్నాను.

విజయవాడ నుంచి విశాఖ 350 కిలోమీటర్లు. హైవే బాగుంది. అన్నవరంలో ఆగి, విస్తరాకులో కట్టిచ్చే ప్రసాదం తిని, చీకటి పడేలోపు చేరిపోయాం. డ్రైవింగ్ నాది. పక్కన మా ఆయన, మధ్య సీట్లో అత్తయ్య గారు, వెనక పిల్లలిద్దరు. బండి పదేళ్లు దాటిన ఏడు సీట్ల డీజిల్, హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్, అంటే ఒక పంపు ఆయిల్‌ను ఒత్తిడితో నెట్టి స్టీరింగ్ తేలిక చేస్తుంది.

బీచ్ రోడ్డు వెనక సందులో హోటల్ తీసుకున్నాం, గది 3,100. కింద సెల్లార్‌లో పార్కింగ్ ఇరుకు. అక్కడ బండి తిప్పుతుంటే స్టీరింగ్ ఒక్కసారిగా బిగిసింది, మళ్లీ వదిలింది, మళ్లీ బిగిసింది. బానెట్ లోపల్నుంచి మూలుగు లాంటి శబ్దం. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే మూలుగు కూడా పెరుగుతోంది. హైవే మీద ఇదేమీ తెలియలేదు. తెలియదు కూడా, ఎందుకంటే వేగంలో స్టీరింగ్‌కు పెద్దగా సాయం అక్కర్లేదు. చక్రాలు నిలబడి ఉన్నప్పుడు, నెమ్మదిగా మలుపు తిప్పినప్పుడే పంపు సత్తా బయటపడుతుంది. అరకు ఘాట్ అంటే మొత్తం అలాంటి మలుపులే.

మర్నాడు పొద్దున్నే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. ఏసీ హాలు, కాఫీ మెషిన్, అన్నీ ఉన్నాయి. నేను శబ్దం ఎప్పుడు వస్తోందో, ఎలా వస్తోందో చెబుతుంటే అడ్వైజర్ కుర్రాడు మా ఆయన వైపు తిరిగి "సార్, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" అని అడిగాడు. బండి నడిపేది ఆవిడే, ఆవిడతోనే మాట్లాడండి అని మా ఆయన చెప్పారు. రెండు నిమిషాల తర్వాత మళ్లీ ఆయన్నే అడిగాడు. పోనీలే అనుకుని ఊరుకున్నాను.

మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. పిల్లలు విసిగిపోయారు. అత్తయ్య గారికి ఒంటి గంటకల్లా భోజనం పడకపోతే తల తిరుగుతుంది, ఆవిడ మొహం చూస్తే నాకు టెన్షన్. అప్పుడు పిలిచి కాగితం ఇచ్చారు. స్టీరింగ్ ర్యాక్ అసెంబ్లీ మార్చాలి, లేబర్, అలైన్‌మెంట్, పన్నులు కలిపి 46,400. పార్టు చెన్నై నుంచి రావాలి, నాలుగైదు రోజులు పడుతుంది. "ర్యాక్ లీక్ అవుతోంది మేడమ్, కిందంతా తడిగా ఉంది."

లీకు ఎక్కడుందో చూపించండి అన్నాను. కస్టమర్లను వర్క్‌షాప్ లోపలికి అనుమతించరన్నాడు. ఫోటో తీసి చూపించమన్నాను. టెక్నీషియన్ లంచ్‌కి వెళ్లాడన్నాడు. ర్యాక్ చివర ఉండే రబ్బరు బూటు (తొడుగు) ఊడదీసి చూశారా అని అడిగితే, అంత అవసరం లేదు, అనుభవం ఉన్నవాళ్లం, చూస్తే తెలుస్తుందన్నాడు. పని వద్దు, బండి ఇచ్చేయండి అన్నందుకు ఇన్‌స్పెక్షన్ చార్జి వెయ్యి, జీఎస్టీ 180, మొత్తం 1,180 కట్టించుకున్నారు. స్టీరింగ్‌లో తగ్గిన ఆయిల్ కూడా పోయలేదు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా మండించింది అదే. ఆయిల్ లేకుండా నడిస్తే పంపు కాలిపోతుందని వాళ్లకు తెలియదా? ఆడవాళ్లు, పిల్లలు, ఊరు కాని ఊరు, ఇక వేరే దారి లేక కడతారు అనుకున్నారు.

ఆ స్టీరింగ్‌తో ఘాట్ ఎక్కే ప్రశ్నే లేదు. హైడ్రాలిక్ సాయం పూర్తిగా పోయినా చక్రాలు తిరుగుతాయి, లింకు తెగిపోదు, కానీ హెయిర్‌పిన్ మలుపులో రెండు చేతులతో లాగినా కష్టమయ్యేంత బరువెక్కుతుంది. బండి హోటల్లో వదిలేసి రైల్లో వెళ్దామని మా ఆయన అన్నారు. హోటల్ మేనేజరు పార్కింగ్‌కి పైసా అడగలేదు, తాళం కూడా మా దగ్గరే ఉంచుకోమన్నాడు. విశాఖలో మాకు దొరికిన మొదటి మంచి మాట అది.

రైలు నిజంగా అదృష్టం. తెల్లవారుతుండగా బయల్దేరే కిరండూల్ పాసింజర్ కొత్తవలస దాటి కొండల్లోకి మళ్లాక వరుసగా సొరంగాలే. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన దారి ఇది. పిల్లలు ఒక్కో సొరంగానికి ఒక్కో కేక. అత్తయ్య గారు కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు, భోజనం టైము కూడా అడగలేదు. కూర్చోవాలనుకుంటే కుడివైపు కూర్చోండి, లోయలు ఎక్కువగా అటే కనిపిస్తాయి.

అరకులో గది 3,600, పేరుకు వ్యాలీ వ్యూ, కిటికీ తెరిస్తే పక్క లాడ్జి గోడ. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే. గది చూడకుండా డబ్బు కట్టకండి. బొంగు చికెన్ రోడ్డు పక్కన 350 పెట్టి తిన్నాం, చాలా బాగుంది, మా వాడు బొంగు కూడా ఇంటికి తెస్తానన్నాడు. కాఫీ పొడి కొనేటప్పుడు చికోరీ కలిసిందో లేదో ప్యాకెట్ మీద చదివి తీసుకోండి.

బొర్రా గుహలు, గాలికొండ చూడ్డానికి జీపు మాట్లాడుకున్నాం, రోజుకు 3,000. ఆ జీపు అబ్బాయికి దారిలో మా స్టీరింగ్ కథ చెప్పాను. అతను ఒకటే ప్రశ్న అడిగాడు. "మూలుగు పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు ఎక్కువా అక్కా, వేడెక్కాక ఎక్కువా?" చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ అన్నాను. "అయితే పంపు గాలి మింగతంది. ర్యాక్ మార్చొద్దు. గాజువాక ఆటోనగర్ ఎల్లండి." ఏసీ హాల్లో సగం రోజు కూర్చుంటే ఎవరూ అడగని ప్రశ్న అది.

విశాఖ తిరిగొచ్చాక ముందు బానెట్ కింద ఉండే స్టీరింగ్ ఆయిల్ డబ్బాలో గీత వరకు ఆయిల్ పోయించి, నెమ్మదిగా ఆటోనగర్ చేరాం. విజయవాడ వాళ్లకు ఆటోనగర్ అంటే కొత్త కాదు, పార్టు దొరకకపోతే చేయించి ఇచ్చే చోటు. ఇక్కడా అంతే. స్టీరింగ్, సస్పెన్షన్ పని మాత్రమే చేసే ఒక చిన్న షెడ్డు చూపించారు. పెద్దాయన, అరవై దాటి ఉంటాయి. నేను చెప్పేది ఆఖరి మాట దాకా విన్నారు.

మొదట ముందు టైర్లలో గాలి చూశారు. గాలి తక్కువైనా స్టీరింగ్ బరువెక్కుతుంది, ఆ ఒక్కటీ పెట్రోలు బంకులో ఉచితంగా తేలిపోతుంది. తర్వాత బెల్టు వేలితో నొక్కి చూశారు. బెల్టు జారితే కీచుమంటుందట, అదీ స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు. మాది మూలుగు. ఇంజిన్ స్టార్ట్ చేయించి, ఆయిల్ డబ్బా మూత తీసి నన్ను చూడమన్నారు. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ నల్లబడిపోయి, పైన ఫిల్టర్ కాఫీ మీద లాగా నురగ కట్టి ఉంది. నురగ ఉందంటే ఎక్కడో గాలి లోపలికి వెళ్తోందని అర్థం.

తర్వాత ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజిన్ ఆపి, చేత్తో తిప్పారు. అటూ ఇటూ సాఫీగా తిరిగాయి, ఎక్కడా పట్టేయలేదు. ర్యాక్ చివర రబ్బరు బూటు క్లిప్పు తీసి వెనక్కి జరిపి, లోపల తెల్ల గుడ్డతో తుడిచి గుడ్డ నా చేతికిచ్చారు. కాస్త గ్రీజు తప్ప ఏమీ లేదు. రెండో వైపూ అంతే. ర్యాక్ సీళ్లు పోతే ఆయిల్ ముందు ఈ బూటులోకి వస్తుంది, నొక్కితే చప్పుడవుతుంది.

"మరి కిందంతా తడిగా ఉందన్నారు కదా బాబాయ్ గారూ?" అన్నాను.

"తడి ఉన్నమాట నిజమేనమ్మా. అది ఎక్కణ్ణించి వచ్చిందో సూడాలి కదా. ఆయిలు పైకి ఎక్కదు, కిందికే కారతాది."

కిరసనాయిలు గుడ్డతో అంతా శుభ్రంగా తుడిచి, నన్ను సీట్లో కూర్చోబెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి స్టీరింగ్ మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పమన్నారు. ఏ చివరా నాలుగైదు క్షణాలకు మించి పట్టి ఉంచొద్దన్నారు, ఒత్తిడి పెరిగి ఆయిల్ మరిగిపోతుందట. ఆయన టార్చి పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి పిలిచి చూపించారు. డబ్బా నుంచి పంపుకి వెళ్లే లావు రబ్బరు గొట్టం, క్లిప్పు దగ్గర ఎండిపోయి వెంట్రుకంత పగులు. అక్కణ్ణుంచి ఒక్కో బొట్టు జారి, గొట్టం వెంట దిగి, సరిగ్గా ర్యాక్ మీద పడుతోంది. ఇంజిన్ తిరిగేటప్పుడు అదే పగులు గాలి పీలుస్తోంది. బరువు, మూలుగు, నురగ, కింద తడి, అన్నిటికీ కారణం ఆ ఒక్క పగులే. 46,400 పెట్టి ర్యాక్ మార్చినా ఈ గొట్టం అలాగే ఉండేది, కొత్త ర్యాక్ మీద కూడా అదే ఆయిల్ కారేది. ఇది అర్థమయ్యాక మా ఆయన కోపం చూడాలి. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తానని అక్కడే నిలబడ్డారు.

గొట్టం మార్చారు. పాత ఆయిల్ రిటర్న్ గొట్టం నుంచి సీసాలోకి వదిలేసి, డబ్బా అడుగున జాలీ కడిగి, కొత్తది పోశారు. అసలు ఓపిక కావాల్సింది గాలి తీయడానికి. చక్రాలు గాల్లోనే ఉంచి, ఇంజిన్ ఆపి, స్టీరింగ్ చాలాసార్లు అటూ ఇటూ తిప్పించారు. బుడగలు వస్తుంటే ఆయిల్ పోస్తూ, అవి ఆగాక ఇంజిన్ స్టార్ట్ చేసి మళ్లీ అదే పని. నురగ పూర్తిగా పోయేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు. గొట్టం 380, రెండు క్లిప్పులు 80, ఏటీఎఫ్ (స్టీరింగ్‌లో పోసే ఆయిల్) లీటరు డబ్బాలు రెండు కలిపి 780, కూలి 500. మొత్తం 1,740, పాత గొట్టం సంచిలో వేసి ఇచ్చారు. పైన రెండొందలు ఇవ్వబోతే తీసుకోలేదు, పిల్లలకు టీ షాపులో బన్నులు కొనిచ్చారు.

ఒక సంగతి ఆయన గట్టిగా చెప్పారు. ఏ ఆయిల్ వాడాలో డబ్బా మూత మీదో బండి పుస్తకంలోనో ఉంటుంది, అదే పోయాలి. తొందరలో ఎవరైనా బ్రేక్ ఆయిల్ పోస్తే లోపలి సీళ్లన్నీ పాడైపోతాయి, అప్పుడు నిజంగానే ర్యాక్ మార్చాల్సి వస్తుంది.

ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ఈ ఆయిల్ గొడవే లేదు, స్టీరింగ్‌కి మోటారు సాయం చేస్తుంది. వాటిలో తేడా వస్తే డాష్‌బోర్డు మీద స్టీరింగ్ బొమ్మ లైటు వెలుగుతుంది. అలాంటప్పుడు ముందు బ్యాటరీ, దాని టెర్మినళ్లు, ఫ్యూజు చూపించండి. వోల్టేజి తగ్గినా ఆ మోటారు సాయం ఆపేస్తుంది. స్కానర్ పెట్టి తప్పు కోడ్ ఏమొచ్చిందో చూపించకుండా మొత్తం స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ కింద ఉండే కడ్డీ భాగం) మార్చాలంటే ఒప్పుకోకండి.

బండి బాగయ్యాక నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్లాం. నర్సీపట్నం నుంచి సుమారు 30 కిలోమీటర్లు, ఘాట్ దారి. మొదటి మలుపులో నా చేతులు బిగుసుకున్నాయి, మూడో మలుపుకి మరిచిపోయాను. తాజంగి దగ్గర టెంట్లు ఒక్కోటి 1,500. చలి భరించలేం, అందరికీ కలిపి రెండే టాయిలెట్లు, అత్తయ్య గారు రాత్రంతా బండిలోనే పడుకున్నారు. పెద్దవాళ్లుంటే టెంట్లు వద్దు, నర్సీపట్నంలో గది తీసుకుని తెల్లవారకముందే బయల్దేరండి. పొద్దున మంచు మాత్రం చూసి తీరాలి.

ఇంటికొచ్చాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఆ సర్వీస్ సెంటర్ మీద ఫిర్యాదు నమోదు చేశాను. ఎస్టిమేట్ కాగితం, 1,180 బిల్లు, పగిలిన గొట్టం ఫోటో, ఆటోనగర్ బిల్లు జత చేశాను. 1,180 వెనక్కి ఇవ్వడంతో పాటు, ర్యాక్ లీకవుతోందని ఏం చూసి రాశారో రాతపూర్వకంగా చెప్పమని అడిగాను. వాళ్ల నుంచి ఒక ఫోన్ వచ్చింది, ఈసారి నాతోనే మాట్లాడారు. తర్వాతి సర్వీసు ఉచితంగా చేస్తామన్నారు. వద్దన్నాను, అడిగినదానికి జవాబు రాసివ్వమన్నాను.