బెంగళూరు చిన్న గదుల్లో డెత్ మెటల్: పదేళ్లు దాటాక నా అభిప్రాయం

డెత్ మెటల్ (హెవీ మెటల్‌లో బాగా గరుకైన, వేగమైన శాఖ) కచేరీలకి నేను డ్రమ్స్ కోసం వెళ్తాను. గిటార్ రిఫ్‌లు ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా బాగానే వినిపిస్తాయి, గొంతులో గరగరలాడించే గ్రౌల్స్ కూడా అంతే. డ్రమ్స్‌ని ఆపకుండా అతి వేగంగా కొట్టే బ్లాస్ట్ బీట్ అంటే ఏంటో తెలియాలంటే మాత్రం వాయించేవాడికి పది అడుగుల దూరంలో నిలబడాల్సిందే. ఇందిరానగర్, కోరమంగళ వైపు పబ్బుల్లో, మేడమీది హాళ్లలో, నూటయాభై మందితో నిండిపోయే గదుల్లో పదేళ్లకు పైగా డెత్ మెటల్, దానికి చుట్టాల్లాంటి గ్రైండ్‌కోర్ (బాగా వేగం), డూమ్ (బాగా నెమ్మది) బ్యాండ్లను చూస్తూ వస్తున్నాను. ఇప్పటికీ టికెట్ కొనేది ఆ పది అడుగుల కోసమే.

ఆల్బమ్‌లో చాలా బ్యాండ్లు కాలితో వాయించే కిక్ డ్రమ్‌కి ట్రిగ్గర్ (దెబ్బ పడగానే ముందే సిద్ధం చేసిన శబ్దం వినిపించే పరికరం) పెట్టి రికార్డ్ చేస్తాయి. కాలు గట్టిగా తొక్కినా, మెల్లగా తొక్కినా ఒకటే శబ్దం వస్తుంది. వేగం తెలుస్తుంది గానీ మనిషి తెలియడు. చిన్న గదిలో మనిషి తెలుస్తాడు. నాలుగో పాటకల్లా కుడికాలు బరువెక్కడం, స్నేర్ (కర్రలతో కొట్టే ముఖ్యమైన డ్రమ్) మీద దెబ్బ నడుమ నుంచి అంచుకి జారడం, ఊపిరి తీసుకోవడానికి తాళం (సింబల్) మీద అర క్షణం ఎక్కువ ఆగడం, అన్నీ చెవికి అందుతాయి. నేను తరచూ చూసే ఒక కుర్రాడు షూస్ విప్పేసి సాక్సులతో వాయిస్తాడు. డ్రమ్ ముందుకి జరక్కుండా ఒక సిమెంటు ఇటుక అడ్డం పెడతారు. రెండు కాళ్లతో కిక్ వాయించే డబుల్ బాస్ మొదలైందంటే ఆ ఇటుకతో సహా కార్పెట్ మీద అంగుళం అంగుళం మావైపు వచ్చేస్తుంది. పాటకీ పాటకీ మధ్య ముందు వరసలో ఉన్నవాళ్లెవరో ఒకరు వంగి వెనక్కి నెడతారు. ఆ పని నాకూ దక్కింది. అది తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

మాది అనంతపురం జిల్లా. పీర్ల పండక్కి గూగూడులో డప్పుల పక్కన నిలబడితే దెబ్బ చెవికంటే ముందు డొక్కలో తగులుతుంది చూడండి, సరిగ్గా అదే ఇక్కడ దొరికింది నాకు.

2011 అక్టోబర్ 30న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికాని కూడా చూశాను. ఆ రాత్రిని ఎవరేమన్నా ఒప్పుకోను, అంత ఇష్టం. కానీ వంద మీటర్ల దూరంలో నిలబడితే శబ్దం మన దాకా రావడానికి దగ్గర దగ్గర సెకనులో మూడో వంతు పడుతుంది. కంటికి కనపడేది ఒకటి, చెవికి వినపడేది ఇంకొకటి. చిన్న గదిలో ఆ తేడా సెకనులో వందో వంతు కూడా ఉండదు. కర్ర దిగడం, దెబ్బ తగలడం ఒకేసారి జరుగుతాయి.

ఇక అసలు సంగతి. ఊళ్లోదే ఒక బ్యాండ్, పేరెందుకులెండి. రెండో పాట సగంలో టప్పుమని చప్పుడై హాలు స్పీకర్లు రెండూ చచ్చిపోయాయి. ఇలాంటి చోట్ల గొంతు మొత్తం స్పీకర్ల మీదే ఆధారపడుతుంది. గిటారిస్టుల్లో ఒకడు సొంత ఆంప్ (ఆంప్లిఫయర్), క్యాబ్ (దాని స్పీకర్ పెట్టె) లేకుండా ప్రాసెసర్‌లోంచి నేరుగా మిక్సర్‌కి కలుపుకున్నాడు, అతనూ మాయం. బాస్ గిటార్ కూడా అదే దారి. మిగిలింది ఇద్దరు: డ్రమ్మరు, సొంత ఆంప్ తెచ్చుకున్న రెండో గిటారిస్టు. ఆయన కాళ్ల దగ్గర గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే హెచ్‌ఎం-2 పెడల్ ఉంది, నాలుగు నాబ్‌లూ చివరికంటా తిప్పి. 1983 నుంచి 1991 దాకా తయారైన ఈ పెడల్‌తోనే స్వీడన్ డెత్ మెటల్‌కి ఆ రంపం గరగర వచ్చింది. ఆ గరగర ఒక్కటే గదిలో మిగిలింది.

సౌండ్ ఇంజినీర్ చెయ్యెత్తి "ఒందు నిమిష గురూ, ఒందు నిమిష" అంటున్నాడు. బ్యాండ్ ఆగలేదు. గాయకుడు మైకు కింద పెట్టేసి, జానెడెత్తు కూడా లేని స్టేజీ దిగి మా మధ్యకి వచ్చాడు. నోరు తెరిచి గ్రౌల్ చేస్తున్నాడు, రెండడుగుల అవతల ఉన్నవాళ్లకి వినపడట్లేదు. అప్పటిదాకా గది గోడలు కూల్చేలా ఉన్న గొంతు అది.

గ్రౌల్ గురించి చాలామందికి తెలియని విషయం ఇదే. అది పెద్ద అరుపేం కాదు. స్వరతంతువుల పైన ఉండే ఇంకో జత మడతల్ని అదిరేలా చేసి తీస్తారు. బాగా నేర్చినవాళ్లు తక్కువ గాలితో, తక్కువ బలంతో తీస్తారు, అందుకే గంటసేపు పాడగలుగుతారు. దాన్ని పెద్దది చేసేది మైకు. మైకు పోయాక అతని దగ్గర మిగిలింది ఆ చిన్న గొంతే. జనం ఏం చేశారంటే, స్టేజీ ముందున్న పిట్‌లో అప్పటిదాకా ఒకళ్లనొకళ్లు తోసుకుంటున్నవాళ్లంతా ఆగి అతని చుట్టూ గుంపుగా చేరి తలలు ముందుకి వంచారు. నా పక్కనున్నవాడు భుజం మీద చెయ్యేసి "మచ్చా, మాటలు వినపడుతున్నాయ్ రా" అన్నాడు. అతనెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

అది చూసి డ్రమ్మరు చేసిన పని ఉంది చూశారూ, దాని గురించే నేను ఇదంతా రాస్తున్నాను. వేగం తగ్గించలేదు. చప్పుడు తగ్గించాడు. కర్రలు పట్టుకునే చోటు మార్చి, మణికట్టు కూడా కదలకుండా వేళ్లతోనే స్నేర్ మీద బ్లాస్ట్ బీట్ నడిపాడు. గట్టిగా, వేగంగా కొట్టడం కష్టమే, కానీ బలం ఉన్నప్పుడు కర్ర దానంతటదే పైకి లేస్తుంది. మెల్లగా కొడుతూ అదే వేగం నిలపాలంటే ప్రతి దెబ్బనీ చేతిలోంచి తియ్యాలి. ఒక్కో దెబ్బా విడిగా వినపడింది. స్నేర్, కిక్, తాళం మూడూ ఏ వరసలో పడుతున్నాయో అన్నేళ్లలో మొదటిసారి లెక్కపెట్టగలిగాను. పాట అయ్యేలోపు స్పీకర్లు తిరిగొచ్చాయి, అందరం గొంతులు పోయేలా అరిచాం. మిగతా సెట్ కూడా బాగానే జరిగింది. నా మనసు మాత్రం ఆ మెల్లటి నిమిషాల దగ్గరే ఉండిపోయింది.

పైన చెప్పినంత బాగా ప్రతిసారీ ఉండదు. సీలింగ్ తక్కువున్న గదిలో తాళాలు మిగతా అన్నిటినీ కప్పేస్తాయి. మొదట వాయించే బ్యాండ్లకి చాలాసార్లు సౌండ్ చెక్ ఉండదు, వాళ్ల మొదటి రెండు పాటలు ఇంజినీర్ సర్దుకోవడానికే సరిపోతాయి. మూలన నిలబడితే బాస్ ఎక్కువైపోయి కిక్ బురదగా వినపడుతుంది. గిటార్ క్యాబ్‌కి ఎదురుగా నిలబడితే ఆ ఒక్క గిటారే ఉంటుంది. మా చెల్లెలు ఒకసారి వచ్చింది. పది నిమిషాలు ముందు నిలబడి వెనక మిక్సర్ పక్కకి వెళ్లిపోయి, అక్కణ్నుంచి మెసేజ్ పెట్టింది: "అన్నా, ఇక్కడికి రా, పాట ఇక్కడుంది." వెళ్లి చూస్తే నిజమే. ఇంజినీర్ తన చెవికి తగ్గట్టు కలుపుతాడు కాబట్టి గొంతు, రెండు గిటార్లు విడివిడిగా, ముద్దొచ్చేలా ఉన్నాయి. పాట మొత్తం కావాలనుకునేవాళ్లకి ఆ చోటే సరైనది. డ్రమ్స్ మాత్రం అక్కడ మళ్లీ స్పీకర్లలోంచి వచ్చే డ్రమ్సే.

చెవుల సంగతి సీరియస్‌గా తీసుకోండి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు తట్టుకునే చెవికి, ఆపైన పెరిగే ప్రతి మూడు డెసిబెల్స్‌కీ సమయం సగానికి పడిపోతుంది. 100 దగ్గరికొచ్చేసరికి మిగిలేది పదిహేను నిమిషాలు. గట్‌స్లిట్ లాంటి బ్యాండ్ ముంబై నుంచి వచ్చినప్పుడు ముందు వరసలో శబ్దం 100 కంటే తక్కువ ఉంటుందని నేననుకోను. మందుల షాపులో దొరికే స్పాంజ్ ప్లగ్గులు చెవిని కాపాడతాయి, కానీ తాళాలని పూర్తిగా మింగేస్తాయి. సంగీతకారుల కోసం ఫిల్టర్‌తో చేసిన ప్లగ్గులు అన్నిటినీ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి. నావి రెండో రకం. అవి లేకుండా వెళ్లను.

అలవాటైన చోటు ఎప్పుడు మూతపడుతుందో తెలియకపోవడం ఇంకో బాధ. లైవ్ మ్యూజిక్‌కి లైసెన్సు కావాలన్న 2005 నాటి పోలీసు ఉత్తర్వును 2018 జనవరిలో సుప్రీంకోర్టు సమర్థించాక ఆ ఏడాది ఎన్నో పబ్బులు గిగ్‌లు ఆపేశాయి. డైయింగ్ ఎంబ్రేస్ లాంటి బ్యాండ్లు 1990ల నుంచీ ఉన్న ఊరు ఇది. బ్యాండ్లకి ఎప్పుడూ కరువు లేదు, గదులకే. ఆలస్యంగా మొదలై, మూసే టైము దగ్గరపడి, చివరి బ్యాండ్‌కి నాలుగు పాటలు మిగిలిన రాత్రులు ఉన్నాయి. వేరే రాష్ట్రం నుంచి రైల్లో డ్రమ్ పెడళ్లు మోసుకొచ్చినవాళ్లకి నాలుగు పాటలు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మీరు వెళ్లాలా అంటే, నా పరిస్థితి వేరు. ఇందిరానగర్ మెట్రోకి నడిచేంత దూరంలో ఉంటాను, పెళ్లి కాలేదు, ఆదివారం పొద్దున ఎవరూ లేపరు. వైట్‌ఫీల్డ్ అవతల ఉండి, ఇంట్లో చంటిపిల్లలుంటే నెలకొకటి కూడా కష్టమే, నేను బలవంతపెట్టను. చెవిలో ఇప్పటికే హోరు ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా అసలు రావద్దు. గుంపంటే భయపడేవాళ్లు పిట్ గురించి కంగారుపడక్కర్లేదు, పడిపోతే అక్కడే నలుగురు లేపుతారు, గోడ పక్కన నిలబడితే ఎవరూ ముట్టుకోరు. మొదటిసారైతే బెవార్ సీ లాంటి డూమ్ బ్యాండ్ ఉన్న రోజు చూసుకోండి, అక్కడ లయ నెమ్మది, ఏది ఎక్కణ్నుంచి వస్తుందో పట్టుకోవచ్చు. మొదటి పాట మిక్సర్ పక్కన వినండి. నచ్చితే రెండో పాటకి ముందుకి రండి, ఎడమవైపు, డ్రమ్మరు కాళ్లు కనపడే చోటికి.