పురుగుల మడత పంజరం: బడిలో చాన్నాళ్లు వాడాక

మాది విజయనగరం జిల్లాలో చీపురుపల్లి వైపు పల్లె బడి. మూడో తరగతి పిల్లల పురుగుల ప్రాజెక్టు కోసం ఈ పంజరాన్ని ఆన్‌లైన్‌లో తెప్పించాను. చుట్టూ వల, పైన జిప్పు, ముందు ప్లాస్టిక్ కిటికీ. ఆ కిటికీ కోసం మిగతావన్నీ భరించొచ్చు. పిల్లలు దానికి ముక్కు ఆనించి బొమ్మలు గీస్తారు. నిమ్మ సీతాకోకచిలుక పురుగు మొదట పిట్టరెట్టలా ఉండి తర్వాత ఆకుపచ్చగా మారుతుందని నేను చెప్పలేదు. రోజూ గీసి తేదీలు వేసుకుని వాళ్లే పట్టుకున్నారు.

వల చాలా సన్నం, ఏదీ దూరదని కొత్తలో తోటి టీచర్లందరికీ చెప్పాను. పెద్ద చీమల విషయంలో అది ఇప్పటికీ నిజమే.

వినాయక చవితి ముందు కరివేపాకు చెట్టు మీద దొరికిన ప్యూపాని (పురుగు సీతాకోకచిలుకగా మారే ముందు కదలకుండా ఉండే దశ) రెమ్మతో సహా లోపల పెట్టాం. మిగతావాటిలో రెక్కల రంగులు పైకి కనిపించి సీతాకోకచిలుకలు బయటికొచ్చేశాయి. ఇది మాత్రం మట్టి రంగుకి తిరిగి అలాగే ఉండిపోయింది. "సచ్చిపోనాది మాస్టారూ" అని తేల్చేసింది ఒక పిల్ల. పారేద్దామనుకుంటుండగా ప్యూపాకి సూదిమొనంత చిల్లు పడింది. అందులోంచి నల్లగా మెరిసే బుల్లి కందిరీగలు ఒకదాని వెనక ఒకటి వచ్చి, వల కళ్లలోంచి దర్జాగా నడిచి వెళ్లిపోయాయి! తల్లి కందిరీగ ప్యూపాలో గుడ్లు పెడితే దాని పిల్లపురుగులు లోపలిదంతా తినేసి పెరిగాయన్నమాట. మనవడి కోసం వచ్చిన చెరకు రైతు చూసి, "బదనికలు కదా, మా చేలో కార్డులు కడతాం" అన్నారు. బదనికలంటే ఇలా వేరే పురుగుల్ని లోపల్నుంచి తిని పెరిగేవి. ఆ కార్డుల్లో ఉండే ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగ పురుగుల గుడ్లనే తింటుంది, ఇవి ప్యూపాని తిన్నాయి. ఆ తేడా మీద క్లాసులో పెద్ద గొడవే జరిగింది. ఒకడైతే చెరువు మట్టితో ప్యూపా చేసి, కడుపులో ఆవాలు కూరి, చిల్లు పొడిచి, ఊపితే రాలేలా తయారుచేశాడు. వల కళ్లు ఇంకా చిన్నవిగా ఉండుంటే ఆ కందిరీగలు లోపలే ఉండేవి, లెన్సు పెట్టి చూసేవాళ్లం. కానీ అంత చిన్నవైతే గాలాడదేమో.

జిప్పు వానాకాలంలో మొరాయిస్తుంది, కొవ్వొత్తి రుద్దాలి. కిటికీ మీద గీతలు పడ్డాయి, తడి ఆకులు పెడితే ఆవిరి కూడా పడుతుంది. మాకు బడి ఆవరణలోనే కరివేపాకు చెట్టుంది, చూసే పిల్లలూ ఎక్కువ, కాబట్టి డబ్బులకు న్యాయం జరిగింది. ఇంట్లో ఒక్క పిల్లాడికైతే పచ్చడి జాడీకి పాత పంచె గుడ్డ కట్టినా సరిపోతుంది, బదనికలు కూడా తప్పించుకోలేవు.